పబ్లిక్ పాలసీలో పీజీ: రెండేళ్లు ఏం చదువుతారు, తర్వాత ఏం చేస్తారు?

2018 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు చెక్కులు పంచింది. ఎకరానికి పంటకు 4,000 రూపాయలు, ఏడాదికి రెండు పంటలు, పట్టా ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే చెక్కు. ఎన్ని ఎకరాలున్నా సరే. ఆ భూమిని మీరే దున్నుతున్నారా, కౌలుకిచ్చారా, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ పడావు పెట్టారా అని ఎవరూ అడగలేదు. అప్పటి నుంచి టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో దీని మీద తలో మాటా నడుస్తూనే ఉంది. కొందరికది రైతును నిలబెట్టిన పథకం, కొందరికి భూస్వాములకు పంచిన పప్పుబెల్లం. పట్టా పేరు చూసే డబ్బివ్వాలని ఎందుకు నిర్ణయించారు, ఇంకోలా ఇచ్చుంటే ఏమయ్యేది, పథకం పనిచేసిందని గానీ చేయలేదని గానీ మనకెలా తెలుస్తుంది? ఈ మూడు ప్రశ్నలకు అభిప్రాయం చెప్పడం ఎవరికైనా వచ్చు. నమ్మదగ్గ జవాబు రాబట్టడం నేర్పే చదువు పబ్లిక్ పాలసీ.

సిలబస్‌లో పేపర్ల పేర్లు చదివితే ఏమీ అర్థం కాదు. అందుకని ఇదే పథకాన్ని పట్టుకుని ఏ పేపర్ ఎందుకుందో చూద్దాం, కొంచెం ఓపిక పట్టండి.

ముందు మైక్రో ఎకనామిక్స్. ప్రభుత్వం డబ్బు ఎవరి చేతిలో పెట్టింది అన్నది ఒక లెక్క, చివరికి అది ఎవరి జేబులో మిగిలింది అన్నది ఇంకో లెక్క. పట్టాదారును వదిలేసి కౌలుదారుకే నేరుగా ఎకరానికి 4,000 ఇచ్చారనుకోండి. ఆ ఊళ్లో కౌలు భూమికి బాగా పోటీ ఉంటే, మరుసటి ఏడాది యజమాని కౌలు ఆ మేరకు పెంచేయొచ్చు. అప్పుడు కాగితం మీద లబ్ధిదారు కౌలుదారు, నిజంగా లాభపడింది యజమాని. కౌలుకు మనుషులే దొరకని ఊళ్లో అయితే అలా జరగదు. 'కౌలు రైతుకూ ఇవ్వాలి' అన్న డిమాండ్ న్యాయమైనదే, నాకందులో అనుమానం లేదు. కానీ ఇచ్చింది అతని దగ్గరే ఆగుతుందా అనేది ఊరిని బట్టి, భూమి గిరాకీని బట్టి మారుతుంది, దాన్ని ఊహించి చెప్పకుండా లెక్క తీసి చెప్పగలగాలి.

సరే, ఇద్దామనే అనుకున్నా కౌలుదారు ఎవరో ప్రభుత్వానికి తెలియాలి కదా. ఇక్కడ లా పేపర్ పనికొస్తుంది. తెలంగాణ ప్రాంతంలో 1950 నాటి కౌలుదారీ చట్టం ఒకటుంది. రక్షిత కౌలుదారు అనే హోదా అందులోదే, 38-ఈ సెక్షన్ కింద అలాంటివాళ్లకు యాజమాన్య హక్కు పత్రాలు కూడా ఇచ్చారు. అంటే కౌలుకు చేస్తున్నట్టు రికార్డుల్లో పేరెక్కిన మనిషి ఒకప్పుడు నిజంగానే భూమికి యజమాని అయ్యాడు. ఆ జ్ఞాపకం ఊళ్లలో ఇంకా పోలేదు కాబట్టి, కౌలు ఒప్పందం నోటిమాటతోనే నడుస్తుంది, కాగితం అనేసరికి యజమాని వెనక్కి తగ్గుతాడు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో అధీకృత సాగుదారుల చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులు ఇచ్చారు, 2019లో ఏపీ పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి 11 నెలల ఒప్పందం పెట్టింది, దీనివల్ల యజమాని హక్కుకు ఏ నష్టమూ రాదని స్పష్టంగా రాసింది కూడా. అయినా దాని మీద యజమాని సంతకం కావాలి, ఆ సంతకం దగ్గరే చాలామంది కౌలుదారుల పని ఆగిపోయింది. భయం ఒక చట్టం వల్ల పుడితే ఇంకో చట్టంలో ఒక వాక్యం రాసినంత మాత్రాన పోదు.

తర్వాత పాలన యంత్రాంగం. పాత పహాణీలో, అంటే ఊరి సాగు రికార్డులో, పట్టాదారు కాలమ్ పక్కనే అనుభవదారు కాలమ్ ఉండేది, భూమి మీద నిజంగా ఎవరున్నారో అందులో రాసేవాళ్లు, సరిగ్గా రాసినా రాయకపోయినా ఒక జాడంటూ ఉండేది. 2017 సెప్టెంబర్‌లో భూరికార్డుల ప్రక్షాళన మొదలయ్యాక కొత్త పాస్‌పుస్తకాల పద్ధతిలో ఆ కాలమ్‌ను పక్కన పెట్టేశారు. 2020లో వీఆర్వో వ్యవస్థనే రద్దు చేశారు. కాబట్టి ఆ తర్వాత ఏ ముఖ్యమంత్రి 'కౌలు రైతులకు ఇస్తాం' అన్నా, ముందు జాబితా ఎక్కడి నుంచి వస్తుంది, ఊళ్లో ఎవరు తయారుచేస్తారు అన్న ప్రశ్న ఎదురయ్యేది. మేనిఫెస్టోలో ఒక లైను, మండలాఫీసులో లేని ఒక కాలమ్. పాలసీ విద్యార్థి ఎక్కువ కాలం గడిపేది ఈ రెండింటి మధ్యనే.

ఇదే సమస్యకు ఏడాదిన్నర వ్యవధిలో నాలుగు ప్రభుత్వాలు నాలుగు రకాలుగా గీత గీశాయి. తెలంగాణ పట్టాదారులందరికీ ఎకరాల లెక్కన ఇచ్చింది. ఒడిశా 2018 చివర్లో కాలియా పథకంలో కౌలుదారులను, భూమిలేని కుటుంబాలను కూడా చేర్చింది. కేంద్రం పీఎం కిసాన్‌ను ముందు రెండు హెక్టార్ల లోపు వాళ్లకని మొదలుపెట్టి, 2019 ఎన్నికలు అయిపోగానే ఆ పరిమితి తీసేసింది, భూమి మాత్రం పేరు మీద ఉండాల్సిందే. ఏపీ రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు చోటిచ్చింది, మిగతా కులాల కౌలుదారులకు ఇవ్వలేదు. 2025 జనవరిలో తెలంగాణ కొత్త ప్రభుత్వం ఎకరానికి పంటకు 6,000 చేస్తూ సాగుకు పనికిరాని భూముల్ని తీసేసింది, భూమిలేని కూలీ కుటుంబాలకు వేరే పథకం పెట్టింది. ఏ గీత ఎందుకు అక్కడే పడింది అనేదానికి సగం జవాబు బడ్జెట్‌లో ఉంటుంది (రైతుబంధుకు మొదటి ఏడాదే 12,000 కోట్లు కేటాయించారు), మిగతా సగం ఎన్నికల క్యాలెండర్‌లో. పబ్లిక్ ఫైనాన్స్ పేపర్, పొలిటికల్ ఎకానమీ పేపర్ అందుకే.

ఇక స్టాటిస్టిక్స్. అసలు కష్టం ఇక్కడే, ఈ చదువుకు అసలు విలువా ఇక్కడే అని నా అభిప్రాయం. రైతుబంధు వల్ల అప్పులు తగ్గాయా? పథకానికి ముందు, తర్వాత అని పోల్చేస్తే సరిపోదు, ఎందుకంటే మధ్యలో వర్షాలు మారాయి, పత్తి ధర మారింది, కాళేశ్వరం నీళ్లొచ్చాయి, కరోనా వచ్చింది. పోల్చడానికి పథకం అందని ఊళ్లు కావాలి. కానీ పథకం రాష్ట్రమంతటికీ ఒకేసారి వచ్చింది. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న మండలాల్ని పోల్చొచ్చా అంటే, అవతలి రాష్ట్రంలో వేరే పథకాలున్నాయి. ఇలా ఒక్కో దారీ ఎందుకు పూర్తిగా పనికిరాదో తెలుసుకుంటూ, ఉన్నవాటిలో తక్కువ తప్పున్న దారి ఎంచుకోవడమే ఆ పేపర్.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైంది 2006 ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. కొన్నేళ్లకు ఉమ్మడి ఏపీ ప్రభుత్వం ఆ కూలి డబ్బుల్ని, పింఛన్లని వేలిముద్రల స్మార్ట్ కార్డుతో ఇవ్వాలనుకుంది. అప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వాన్ని ఒప్పించి, ఏ మండలానికి కార్డులు ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. 157 మండలాలు, దాదాపు 1.9 కోట్ల జనాభా. ఎలాగూ అన్నిచోట్లా ఒకేసారి ఇవ్వలేరు కాబట్టి ఎవరికీ అన్యాయం జరగలేదు, పోల్చడానికి మాత్రం సిసలైన జత దొరికింది. కూలి డబ్బులు త్వరగా అందాయని, మధ్యలో మాయమయ్యే డబ్బు తగ్గిందని 2016లో అచ్చయిన వాళ్ల పేపర్ తేల్చింది. రెండు పథకాల మధ్య తేడా ఉద్దేశంలో లేదు. అమలును ఏ వరసలో పెట్టారన్న దాంట్లో ఉంది. ఆ వరస ఒకటి సరిగ్గా వేసుకుంటే పదేళ్ల వాదన అక్కర్లేకుండా పోతుందని ప్రభుత్వంలో ఎవరో ఒకరికి ముందే తోచాలి. అలా తోచే మనిషిని తయారుచేయడానికే ఈ కోర్సు. అన్ని కాలేజీలూ తయారుచేస్తాయా అంటే, లేదు.

ఇప్పుడు మామూలు గందరగోళాలు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఇదేనా? ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఎంఏ చదివినవాళ్లకు ప్రభుత్వ శాఖలు, సిబ్బంది, అధికార వికేంద్రీకరణ, ఆఫీసు ఎలా నడుస్తుంది అన్నవి బాగా తెలుస్తాయి. పాలసీ కోర్సులో వాటి పాలు తక్కువ, ఆర్థికశాస్త్రం, డేటా పాలు ఎక్కువ. పొలిటికల్ సైన్స్‌తో తేడా ఇంకా సులువు: అక్కడ అధికారాన్ని అర్థం చేసుకుంటారు, ఇక్కడ వచ్చే సోమవారం లోపల కార్యదర్శికి రెండు పేజీల నోట్ ఇవ్వాలి. యూపీఎస్సీకి కోచింగ్ మాత్రం కాదు. మెయిన్స్‌లో జీఎస్ రెండో పేపర్‌కు, ఎస్సేకు కొంత ఉపయోగపడుతుంది, అంతే. 'సివిల్స్ రాస్తూ బ్యాకప్‌గా ఇది చేస్తా' అని చేరేవాళ్లు చాలామంది ఉంటారు, నా దృష్టిలో అది రెండిటికీ నష్టం. వారానికి వందల పేజీల రీడింగ్, అసైన్‌మెంట్లు, ఫీల్డ్ వర్క్ ఉన్న కోర్సు ప్రిలిమ్స్ టెన్షన్‌తో కలిసి నడవదు.

చేరాక షాక్ తినేది రెండు రకాల వాళ్లు. బీఏ నుంచి వచ్చినవాళ్లకు రిగ్రెషన్ లాంటి గణాంక పద్ధతులు, ఆర్, స్టాటా లాంటి సాఫ్ట్‌వేర్లు అనగానే గుండె జారుతుంది. బీటెక్ నుంచి వచ్చినవాళ్లకు లెక్కలు వస్తాయి, కానీ సుప్రీంకోర్టు తీర్పు 60 పేజీలు చదివి అరపేజీలో సారం రాయమంటే చేతులాడవు. రెండోది నేర్చుకోవడానికే ఎక్కువ టైం పడుతుందని నాకనిపిస్తుంది, ఎందుకంటే లెక్క తప్పితే తప్పిందని తెలుస్తుంది, రాత బాగాలేకపోతే మనకు తెలియదు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లిష్ రాత మొదటి ఏడాది నిజంగానే ఇబ్బంది పెడుతుంది. అయితే సర్వేకి ఊరికెళ్లినప్పుడు పహాణీ, అడంగల్, కౌలు, గుత్త అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసిన మనిషి విలువ ఆ బృందం మొత్తానికీ అర్థమవుతుంది.

ఎక్కడ చదవాలి? బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీ (ఎంపీపీ) 2014 నుంచి ఉంది, రెండేళ్లు, చట్టం వైపు బలం. మనకు దగ్గర్లో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) హైదరాబాద్ క్యాంపస్‌లో పబ్లిక్ పాలసీ అండ్ గవర్నెన్స్ ఎంఏ ఉంది, సామాజిక కోణం ఎక్కువ, ప్రైవేటు వాటితో పోలిస్తే ఫీజు తక్కువ. హైదరాబాద్‌లోనే గీతం వాళ్ల కౌటిల్య స్కూల్ ఉంది. ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ బొంబాయిలలో కూడా ఎంపీపీ మొదలైంది, టెక్నాలజీ పాలసీ మీద ఆసక్తి ఉన్న బీటెక్ వాళ్లు ముందు అటు చూడటం మేలు. సోనీపత్‌లో జిందాల్ ఉంది. ఐఐఎం బెంగళూరు కోర్సు 2002 నాటిది, అది ఉద్యోగంలో అనుభవం ఉన్నవాళ్లకు, డిగ్రీ అవగానే వెళ్లే చోటు కాదు. ఢిల్లీలో ఇండియన్ స్కూల్ ఆఫ్ పబ్లిక్ పాలసీ ఏడాది కోర్సు నడుపుతుంది. ఉద్యోగం చేస్తూనే చదవాలంటే బెంగళూరు తక్షశిల ఇన్‌స్టిట్యూషన్ ఆన్‌లైన్ సర్టిఫికెట్ 12 వారాలే.

ఈ జాబితాలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అన్నీ మాస్టర్స్ డిగ్రీలు కావు. కొన్ని పీజీ ప్రోగ్రామ్‌లు, కొన్ని సర్టిఫికెట్లు. చదువు నాణ్యతకు దీనితో సంబంధం లేదు, డిగ్రీ కానిదే బాగుండొచ్చు కూడా. కానీ రేపు పీహెచ్‌డీకి వెళ్లాలన్నా, నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాయాలన్నా, ప్రభుత్వ నోటిఫికేషన్‌లో 'మాస్టర్స్ డిగ్రీ' అని ఉన్నా చాలామంది అక్కడ ఆగిపోవచ్చు. లక్షల ఫీజు కట్టేముందు చివర్లో చేతికిచ్చే కాగితం మీద ఏ యూనివర్సిటీ పేరుంటుందో రాతపూర్వకంగా అడగండి.

ఉద్యోగాల సంగతికొస్తే, బ్రోషర్లలో రాసేదానికీ జరిగేదానికీ దూరం ఎక్కువ. 'పాలసీ మేకర్' అనే ఉద్యోగం ఎక్కడా లేదు. పాలసీ చేసేది మంత్రివర్గం, ఐఏఎస్‌లు, కొన్నిసార్లు కోర్టులు. ఈ డిగ్రీ మిమ్మల్ని ఆ గదిలోకి పంపదు, గది బయట ఫైలు తయారుచేసే బల్ల దగ్గర కూర్చోబెడుతుంది. ఆ బల్లలు చాలా రకాలు. ఎక్కువమందిని తీసుకునేవి కన్సల్టెన్సీలు: పెద్ద ఆడిట్ కంపెనీల ప్రభుత్వ విభాగాలు రాష్ట్ర సచివాలయాల్లో, డైరెక్టరేట్లలో పీఎంయూలు (ప్రాజెక్టుల అమలు చూసే బృందాలు) పెట్టి నడుపుతుంటాయి. అక్కడ పని అంటే డ్యాష్‌బోర్డు, పీపీటీ, టెండర్ డాక్యుమెంట్, రివ్యూ మీటింగ్‌కు నోట్. విసుగ్గా అనిపించొచ్చు, కానీ ఫైలు ఎలా కదులుతుందో అంత దగ్గరగా ఇంకెక్కడా కనిపించదు. పథకాలు పనిచేశాయా లేదా అని కొలిచే జేపాల్ లాంటి పరిశోధన సంస్థల్లో అయితే రీసెర్చ్ అసోసియేట్‌గా సర్వేలు, డేటా. పెద్ద కంపెనీల్లో ప్రభుత్వ వ్యవహారాల టీములు ఉంటాయి, జీతం ఎక్కువ, మీరు రాసే నోట్ మాత్రం కంపెనీ తరఫునే ఉంటుంది. రాజకీయ కన్సల్టెన్సీలూ ఉన్నాయి, 2019 ఎన్నికల్లో ఐప్యాక్ పేరు మారుమోగిపోయాక మన కుర్రాళ్లు చాలామంది అటు చూస్తున్నారు. అది ఎన్నికలు గెలిపించే పని, పాలసీ పని అనుకుని వెళితే నిరాశే.

నన్నడిగితే కొత్తవాళ్లకు అన్నిటికంటే మంచి మెట్టు ల్యాంప్ ఫెలోషిప్. పార్లమెంటు, బిల్లుల మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ నడుపుతుంది, ఒక ఎంపీ దగ్గర పార్లమెంటు సమావేశాల పొడుగునా సహాయకులుగా ఉంటారు, ప్రశ్నలు రాస్తారు, బిల్లుల మీద నోట్లు ఇస్తారు. దానికి పాలసీ డిగ్రీ అక్కర్లేదు, ఏ డిగ్రీ అయినా చాలు. కానీ వయసు 25 దాటకూడదు, కాబట్టి పీజీ అయ్యాక చూద్దాంలే అనుకుంటే దాటిపోతుంది.

నీతి ఆయోగ్ యంగ్ ప్రొఫెషనల్స్ అయినా, రాష్ట్రాల సీఎం ఫెలోషిప్‌లయినా దాదాపు అన్నీ కాంట్రాక్టే. ప్రభుత్వం మారితే ఫెలోషిప్ మాయమవ్వొచ్చు. 'లేటరల్ ఎంట్రీ ఉంది కదా' అంటారు కొందరు, అంటే బయటి నిపుణుల్ని నేరుగా పెద్ద పోస్టుల్లోకి తీసుకోవడం. 2018లో పది జాయింట్ సెక్రటరీ పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు 15 ఏళ్ల అనుభవం అడిగారు. 2024 ఆగస్టులో 45 పోస్టులకు ఇచ్చిన ప్రకటనను రిజర్వేషన్ల వివాదంతో మూడు రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. 23 ఏళ్లప్పుడు దాన్ని నమ్ముకుని కోర్సు ఎంచుకోవద్దు.

ఇన్ని చెప్పాక నా సలహా: డిగ్రీ అవగానే చేరకండి, రెండేళ్లు ఏదో ఒక పని చేసి చేరండి. ఎన్జీఓలో కావచ్చు, జర్నలిజంలో కావచ్చు, బ్యాంకులో వ్యవసాయ రుణాల సెక్షన్‌లో కావచ్చు, సాఫ్ట్‌వేర్‌లో ప్రభుత్వ ప్రాజెక్టు మీద కావచ్చు. క్లాసులో కేసు చర్చకు వచ్చినప్పుడు ఆసుపత్రి స్టోర్‌లో మందుల ఇండెంట్ ఎలా ఆలస్యమవుతుందో కళ్లారా చూసినవాళ్ల మాటకూ, ఎడిటోరియల్ చదివి వచ్చినవాళ్ల మాటకూ ఉన్న తేడా అందరికీ వినిపిస్తుంది. ఉద్యోగమిచ్చేవాళ్లు కూడా ముందు మీ పాత రంగాన్నే చూస్తారు: ఆరోగ్యం, విద్యుత్తు, భూమి, పట్టణాలు, ఏదో ఒకటి. 'జనరల్ పాలసీ' వాళ్లు మార్కెట్‌లో చాలామంది ఉన్నారు.

విదేశాల్లో చదవాలనుకునేవాళ్లకు కొంచెం వేరే లెక్క. హార్వర్డ్ కెన్నెడీ స్కూల్ ఎంపీపీ, సింగపూర్ లీ క్వాన్ యూ స్కూల్ ఎంపీపీ రెండేళ్లు, ఆక్స్‌ఫర్డ్ బ్లావట్నిక్ స్కూల్‌ది ఒకటే ఏడాది. మన ఇళ్లలో అమెరికా చదువంటే ఎంఎస్ లెక్కే వేస్తారు: అప్పు తెచ్చి చదివి, ఓపీటీలో (చదువయ్యాక కొంతకాలం పనిచేయనిచ్చే అనుమతి) ఉద్యోగం, తర్వాత హెచ్1బీ వీసా. పాలసీలో ఆ లెక్క సరిగ్గా కుదరదు, ఎందుకంటే అమెరికా ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలు దాదాపు అన్నీ వాళ్ల పౌరులకే, స్టెమ్ ఓపీటీ (సైన్స్, టెక్నాలజీ, లెక్కల కోర్సులకు ఆ అనుమతి పొడిగింపు) కూడా అన్ని పాలసీ కోర్సులకూ వర్తించదు. కోర్సుకు స్టెమ్ గుర్తింపు ఉందో లేదో అడ్మిషన్‌కు ముందే చూసుకోవాలి. అప్పు చేసి వెళ్లొద్దనే చెబుతాను, స్కాలర్‌షిప్ ఉంటేనే వెళ్లండి. బ్రిటన్‌కు చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్ ఉంది, దానికి రెండేళ్ల పని అనుభవం తప్పనిసరి, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా వస్తుంది. కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో మాత్రం 2022లో ఒక మెలిక పెట్టారు: భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజానికి సంబంధించిన సామాజిక అధ్యయన అంశాలకు అది వర్తించదన్నారు. దళిత విద్యార్థులు తమ సమాజం గురించే విదేశంలో చదవాలంటే ఆ డబ్బు రాదన్నమాట. దీన్నే క్లాసులో ఒక కేసుగా తీసుకోవచ్చు. దరఖాస్తు చేసేవాళ్లు మాత్రం తమ అంశం ఏ మాటల్లో రాస్తున్నారో జాగ్రత్తగా చూసుకోవాలి.

ఈ చదువు మీకు సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పద్ధతి ఉంది. మీ ఇంట్లోకో వీధిలోకో వచ్చే ఒక్క పథకం ఎంచుకోండి, పింఛను, ఫీజు రీయింబర్స్‌మెంట్, ఏదైనా. దాని జీవో వెతకండి (ఏపీలో 2021లో జీవోల్ని ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేసి 2024లో మళ్లీ మొదలుపెట్టారు, కాబట్టి ఒక్కోసారి చుక్కలు కనిపిస్తాయి). బడ్జెట్ పుస్తకాల్లో ఆ పద్దు కింద కేటాయింపు ఎంత, సవరించిన అంచనా ఎంత, నిజంగా ఖర్చయింది ఎంత, మూడూ పక్కపక్కన రాయండి. కాగ్ రిపోర్టులో దాని ప్రస్తావన ఉందేమో చూడండి. కేంద్ర గణాంక శాఖ సర్వేల యూనిట్ లెవెల్ డేటా (ఒక్కో కుటుంబం ఇచ్చిన జవాబులు, పేర్లు లేకుండా) ఉచితంగానే దొరుకుతుంది, దించుకుని తెరిచి చూడండి. తర్వాత రెండు పేజీలు మించకుండా, ఒక్క మార్పు సూచిస్తూ, దానివల్ల ఎవరు నష్టపోతారో కూడా రాస్తూ నోట్ తయారుచేయండి. మూడో వారానికి విసుగొస్తే, ఫీజు మిగిలింది. ఇంకా ఏదో తేలలేదని నాలుగో వారం కూడా అదే ఫైలు తెరుస్తుంటే, మీరు చేరాలనుకుంటున్న కాలేజీలో మూడేళ్ల కిందట చదివి బయటికొచ్చినవాళ్ల కోసం లింక్డ్‌ఇన్‌లో వెతకండి. మొదటి ఉద్యోగం పేరేంటి, కాంట్రాక్టు ఎన్ని నెలలు, ఇప్పుడెక్కడున్నారు అని అడగండి, కాలేజీ ఇచ్చిన ప్లేస్‌మెంట్ పేజీ ఆ తర్వాత చదవండి.